మీటరు ఎవరి పేరున ఉంది?

2024 వేసవిలో మా అమ్మ ఇంటిమీద సోలార్ పలకలు పెట్టించాలనుకున్నాను. మా ఊరు ధర్మవరానికి దగ్గర. అమ్మకి డెబ్బై ఎనిమిదేళ్లు. నాన్న పోయాక ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. అనంతపురం వచ్చి నా దగ్గర ఉండమంటే ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో ఆ మిద్దె కింద ఫ్యాను లేకుండా గంటసేపు కూర్చోలేం. బిల్లు ఎక్కువొస్తోందని ఆమె మధ్యాహ్నాలు ఫ్యాను ఆపేసి తడిగుడ్డ కప్పుకుని పడుకుంటోందని పక్కింటివాళ్లు చెబితే తెలిసింది. నాకు కడుపులో చెయ్యిపెట్టి దేవినట్లయింది. ఆ ఫిబ్రవరిలోనే కేంద్ర ప్రభుత్వం పీఎం సూర్యఘర్ పథకం మొదలుపెట్టింది. ఇంటి కప్పుమీద ఒక కిలోవాటు పలకలు పెట్టుకుంటే 30,000 రూపాయలు, రెండు కిలోవాట్లకి 60,000, మూడు గానీ అంతకు మించి గానీ పెట్టుకుంటే 78,000 రాయితీ.

పలకలు బిగించే సంస్థ నుంచి ఒక కుర్రవాడు వచ్చాడు. మిద్దె ఎక్కి, కొలతలు తీసుకుని, దిగివచ్చి మొదట అడిగిన మాట: "మీటరు ఎవరి పేరున ఉంది మేడం?"

మీటరు మా జేజినాయన పేరున ఉంది. ఆయన 1981లో పోయాడు. ఇల్లు కూడా ఆయన పేరునే ఉంది. అమ్మ ఆ ఇంటికి కోడలుగా వచ్చి అరవై ఏళ్లు దాటింది. నాన్న ఉన్నప్పుడు కూడా బిల్లు కట్టింది అమ్మే, పాలు అమ్మిన డబ్బుతో. అన్నేళ్లూ ప్రతి బిల్లుమీదా చనిపోయిన మామ పేరు. అది వింతగా ఎవరికీ అనిపించలేదు. ముప్పై ఏళ్లు కాలేజీలో చరిత్ర పాఠం చెప్పిన నాకూ అనిపించలేదు.

కుర్రవాడు రెండో ప్రశ్న వేశాడు. "ఇంట్లో ఏమేం వాడతారు? లోడ్ తగ్గించుకుంటే పలకలు తక్కువ పడతాయి, ఖర్చు తగ్గుతుంది." పక్కనే ఉన్న మా తమ్ముడు తడుముకోకుండా చెప్పాడు: "మిక్సీ, గ్రైండరు తీసెయ్యండి. ఒక్క మనిషికి అవెందుకు? రోట్లో నూరుకుంటుంది. ఒంటికి కూడా మంచిది." అమ్మ ఏమీ అనలేదు. కుడి భుజం నిమురుకుంది.

ఎవరి పేరున ఉంది? ఏది తగ్గించాలి? ఈ రెండు ప్రశ్నలూ నన్ను కొన్ని నెలలు వదల్లేదు. వాటికి జవాబు వెతుక్కుంటూ వెనక్కి వెళ్లినప్పుడు కనిపించిన చరిత్రే ఈ వ్యాసం.

*

మా జేజి కాలంలో ఊళ్లో కరెంటు లేదు. కిరసనాయిలు బుడ్డి, ఒక లాంతరు. కోడికూతకి ముందే లేచి విసుర్రాయి దగ్గర కూర్చునేది. రాగులు, జొన్నలు ఏ రోజుకారోజు విసరాలి. తర్వాత నీళ్లు, కట్టెలు, పేడ, దంపుడు. "కరెంటు లేని రోజుల్లో అందరూ ఆరోగ్యంగా ఉండేవాళ్లు, ఇంధనం ఖర్చే లేదు" అనే మాట ఈ మధ్య పర్యావరణ సభల్లో కూడా వింటున్నాను. ఇంధనం ఖర్చు లేకపోవడమేమిటి? పిండి దానంతటది విరగదు కదా.

ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. ఆరోగ్యంగా ఉన్న మనిషి చేతులతో ఆపకుండా పని చేస్తే, సుమారు 50 వాట్ల శక్తి పెడుతుందనుకోవచ్చు. అంటే గంటసేపు విసిరితే యూనిట్‌లో ఇరవయ్యో వంతు. ఒక యూనిట్ కావాలంటే ఇరవై గంటలు విసరాలి. 500 వాట్ల మిక్సీ ఆరు నిమిషాలు తిరిగితే ఖర్చయ్యేదీ అదే ఇరవయ్యో వంతు. మా తమ్ముడు తగ్గించమన్నది ఆ ఆరు నిమిషాల కరెంటు. దానికి బదులుగా అడిగింది డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి భుజాన్ని.

కాబట్టి కరెంటుకి ముందు మన ఇళ్లు శక్తి లేకుండా నడవలేదు. ఆ శక్తి ఆడవాళ్ల ఒంట్లోంచి వచ్చింది. దానికి మీటరు లేదు, బిల్లు లేదు, అందుకే లెక్కలో లేదు. స్త్రీల అదృశ్య శ్రమ గురించి మనం చాలాకాలంగా మాట్లాడుతున్నాం. దాన్ని వాట్లలో కొలిచి చూస్తే మరొక సంగతి అర్థమైంది. ఆ శ్రమ ఎంత అపారమైనదో, యంత్రం ముందు అంత చవక. ఇరవై గంటల జేజి శ్రమ ఈనాడు కొద్ది రూపాయల కరెంటు. అంత చవకైన దాన్ని కూడా ఆదా చెయ్యాలంటే ముందుగా మనకి గుర్తొచ్చేది ఆడవాళ్ల చేతులే.

*

కరెంటు వచ్చింది. కానీ ఎక్కడికి వచ్చింది?

ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు 1959లో ఏర్పడింది. 1960ల నడుమ దేశంలో వరసగా కరువులొచ్చాక ప్రభుత్వాల దృష్టి బావుల మీదికి, పంపుసెట్ల మీదికి మళ్లింది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థను పెట్టారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే అనంతపురంలో పొలానికి ముందు కరెంటు ఇవ్వడాన్ని ఎవరూ తప్పుపట్టలేరు. నీళ్లుంటేనే గింజ, గింజ ఉంటేనే ఇల్లు. అయితే ఆనాటి నిర్వచనం ఒకసారి చూడండి. ఊరి రెవెన్యూ హద్దుల్లో ఎక్కడైనా, ఏ పనికైనా కరెంటు వాడుతుంటే ఆ ఊరికి విద్యుదీకరణ జరిగినట్లే. 1997 దాకా దేశమంతటా ఇదే లెక్క. అంటే పొలంలో ఒక్క మోటారు తిరిగితే చాలు, ఊళ్లో ఒక్క వంటింట్లో కూడా బల్బు లేకపోయినా, కాగితంమీద ఆ ఊరంతా వెలుగే. 1997లో జనం నివసించే చోట కరెంటు ఉండాలన్నారు. 2004లో కనీసం పదిశాతం ఇళ్లకి ఉండాలన్నారు. ఇల్లు అనేది నిర్వచనంలోకి రావడానికే అంతకాలం పట్టింది. వంటిల్లు ఏ నిర్వచనంలోకీ రాలేదు.

మా ఇంట్లో కూడా అదే వరస. ముందు చేనిలో మోటారు. నాలుగేళ్ల తర్వాత పడసాలలో బల్బు. వంటింట్లో ఇంకో ఆరేడేళ్లు బుడ్డే. తర్వాత పెట్టింది కూడా జీరో బల్బు. "పొయ్యి వెలుగు ఉంటుంది కదా" అన్నారట నాన్న. పొగచూరిన గోడల మధ్య ఆ జీరో బల్బు వెలుగు ఏ మూలకీ సరిపోయేది కాదు. అన్నంలో రాయి వస్తే మాత్రం తిట్లు అమ్మకే.

2004 మే 14న రాష్ట్రంలో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఇచ్చే ఫైలు మీద అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి సంతకం చేశారు. శనక్కాయ పంట ఎండి, బోర్లు ఎండి, అప్పుల్లో మునిగి రైతులు పురుగుమందు తాగుతున్న జిల్లా మాది. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఒక తేడాని గమనించమంటున్నాను. పాసుపుస్తకం చాలావరకు మగవాళ్ల పేరున ఉండే చేనికి వెళ్లే కరెంటుకి మీటరు లేదు. ఆడవాళ్లు పొదుపు చేసి బిల్లు కట్టే ఇంటి కరెంటుకి మీటరు ఉంది.

ఇంటి బిల్లు రాజకీయమైన సందర్భం కూడా మన చరిత్రలో ఉంది. 1998లో విద్యుత్ సంస్కరణల చట్టం చేశారు. 1999లో బోర్డును విడగొట్టారు. 2000లో చార్జీలు పెంచారు. ఆ ఏడాది ఊరూరా సాగిన ఉద్యమంలో స్త్రీలు పెద్దసంఖ్యలో రోడ్డెక్కారు. ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఆ ఉద్యమం గురించి మాట్లాడేటప్పుడు ప్రపంచబ్యాంకు, సంస్కరణలు, ప్రభుత్వం మార్పు అన్నీ వస్తాయి. బిల్లు చేతికి తీసుకుని, ఈ నెల ఏది మానుకోవాలో లెక్కవేసిన ఆడమనిషి మాత్రం ఊరేగింపు ఫోటోలోనే మిగిలింది.

*

వంటింట్లోకి వచ్చిన యంత్రాలకీ ఒక చరిత్ర ఉంది. ముంబైలో మాధురీ మాథుర్ అనే గృహిణి వాడుతున్న జర్మన్ మిక్సర్ 1960ల మొదట్లో పాడైపోయింది. క్రీము గిలక్కొట్టడానికి చేసిన మోటారు మన పప్పు, మసాలా రుబ్బగలదా? ఇంజనీరైన ఆమె భర్త సత్యప్రకాశ్ మాథుర్ గట్టి మోటారుతో కొత్త యంత్రం తయారుచేశారు. అదే సుమీత్ మిక్సీ. అంతకుముందే 1950లలో కోయంబత్తూరులో గ్రైండరు పుట్టింది. వాటిని తయారుచేసినవాళ్ల పేర్లు వ్యాపార చరిత్రల్లో ఉంటాయి. ఏ యంత్రం ఏ పిండికి పనికిరాదో ముందుగా తెలిసింది మాత్రం రోజూ రుబ్బేవాళ్లకి.

అయితే యంత్రం రాగానే పని తగ్గిందా? అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్జ్ కోవన్ 1983లో రాసిన "మోర్ వర్క్ ఫర్ మదర్" అనే పుస్తకం ఈ ప్రశ్న మీదే నడుస్తుంది. గృహోపకరణాలు మగవాళ్లూ పిల్లలూ చేసే పనుల్ని తీసేశాయనీ, తల్లి మీద పడే పనిని అంతగా తగ్గించలేదనీ ఆమె చూపించారు. మా ఇంట్లో 1986లో మిక్సీ వచ్చింది. అంతకుముందు పండక్కో చుట్టం వస్తేనో ఇడ్లీ. మిక్సీ వచ్చాక వారానికి రెండుసార్లు ఇడ్లీ, రోజూ ఒక చట్నీ. "మిక్సీ ఉంది కదా, ఎంతసేపు?" అనే మాట కూడా దాంతోపాటే వచ్చింది. అమ్మకి రోలు తప్పింది, పొయ్యి దగ్గర గడిపే సమయం తప్పలేదు.

ఇది చెప్పి యంత్రాలు వద్దనడం లేదు. అమ్మకి నొప్పి తగ్గింది. అది చిన్న విషయం కాదు. పని పంచుకోకుండా ఉపకరణం కొనిస్తే సరిపోదని మాత్రమే అంటున్నాను. అలాగే, పని పంచుకోకుండా ఉపకరణం తీసెయ్యమనే హక్కు కూడా ఎవరికీ లేదు.

*

మరి ఏది తగ్గించాలి? నేను ఒక నోటుపుస్తకం పట్టుకుని అమ్మ ఇంట్లో రెండురోజులు కూర్చున్నాను. వస్తువుల వెనక రాసి ఉన్న వాట్లు చూసి, ఎన్ని గంటలు వాడుతుందో రాసుకున్నాను. ఎవరైనా చెయ్యగలిగిన లెక్క ఇది. వాట్లని గంటలతో గుణించి వెయ్యితో భాగిస్తే యూనిట్లు వస్తాయి.

పాత ఫ్యాన్లు రెండు, ఒక్కొక్కటి 75 వాట్లు. రోజుకి పదహారు గంటలు తిరిగితే రెండింటికీ 2.4 యూనిట్లు. పద్దెనిమిదేళ్ల నాటి ఫ్రిజ్ సుమారు ఒకటిన్నర. పాత ట్యూబులైట్లు రెండు అర యూనిట్. టీవీ 0.4. టీవీ ఆపేసినా రాత్రీపగలూ వెచ్చగానే ఉండే సెట్‌టాప్ బాక్సు దాదాపు పావు యూనిట్. నీళ్లు తొట్టెకెక్కించే చిన్న మోటారు ఇంకో పావు. మిక్సీ, గ్రైండరు కలిపితే 0.12. మొత్తం ఐదున్నరకి కాస్త తక్కువ. మా తమ్ముడు తీసెయ్యమన్నవి అందులో నూటికి రెండో వంతు!

అసలు ఖర్చంతా ఫ్యాన్లలో, ఫ్రిజ్‌లో ఉంది. బీఎల్‌డీసీ మోటారు ఉన్న ఫ్యాను అదే గాలిని 30 వాట్లలోపు ఇస్తుంది. రెండూ మారిస్తే రోజుకి ఒక యూనిట్ కూడా కాదు. ఉపకరణాల మీద నక్షత్రాల గుర్తు వేసే పద్ధతి మన దేశంలో 2006లో మొదలైంది. ఐదు నక్షత్రాల చిన్న ఫ్రిజ్ రోజుకి అర యూనిట్ చుట్టుపక్కల తీసుకుంటుంది. ట్యూబులైట్ల చోట ఎల్‌ఈడీ, సెట్‌టాప్ బాక్సుకి గోడ దగ్గరే స్విచ్. టీవీని, మిక్సీని, గ్రైండరును, మోటారును ముట్టుకోలేదు. మొత్తం రెండున్నర యూనిట్లకి దిగింది. మా ఎండలో ఒక కిలోవాటు పలకలు ఏడాది సగటున రోజుకి నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి. రెండు కిలోవాట్లు కావాలన్న చోట ఒకటి సరిపోయింది. మిగిలిన డబ్బు ఫ్యాన్లకీ ఫ్రిజ్‌కీ పెట్టాం. ముందు పొదుపు, తర్వాత పలక. ఆ వరస తిరగేస్తే ఖర్చు రెట్టింపు.

ఎల్‌ఈడీ సంగతికి వస్తే, మా జిల్లాకి దాంట్లో ఒక చోటు ఉంది. 2014 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మొదట నాలుగు జిల్లాల్లో పాత బల్బులు తీసుకుని, ఒక్కోటి పది రూపాయలకి, ఇంటికి రెండేసి 7 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఇచ్చారు. ఆ నాలుగింటిలో అనంతపురం ఒకటి. 2015 జనవరిలో దేశమంతటా మొదలైన పథకానికి ఇది ముందడుగు. అమ్మ ఆ రెండింటిలో ఒకదాన్ని వంటింట్లో పెట్టుకుంది. ఆ వంటింట్లో మొదటిసారి మంచి వెలుగు పడింది అప్పుడే. పొదుపు అంటే చీకట్లో మగ్గడం కాదని నాకు అర్థమైంది ఆ బల్బు కిందే.

*

సూర్యుడితో ఇల్లు నడపాలన్న ఆలోచనలో స్త్రీలు ముందునుంచీ ఉన్నారు. 1948లో అమెరికాలోని డోవర్ అనే ఊళ్లో ఎండ వేడితో వెచ్చబడే ఇల్లు కట్టారు. వేడిని నిలవచేసే పద్ధతి మరియా టెల్కెస్ అనే శాస్త్రవేత్తది. ఇంటి నమూనా ఎలనోర్ రేమండ్‌ది. డబ్బు పెట్టింది అమీలియా పీబాడీ. ముగ్గురూ స్త్రీలే. కొన్ని చలికాలాలకే ఆ వ్యవస్థ పాడైంది. టెల్కెస్ ఆగలేదు, 1950లలో సోలార్ పొయ్యి మీద పనిచేశారు.

అదే దశాబ్దంలో మన దేశంలో జాతీయ భౌతిక ప్రయోగశాల కూడా ఒక సోలార్ కుక్కర్ తయారుచేసింది. అది జనంలోకి పోలేదు. ఆ తర్వాత వచ్చిన పెట్టె కుక్కర్లు కూడా అంతంతమాత్రమే. ఎందుకు పోలేదో మా అమ్మని అడిగితే చెబుతుంది. రాత్రి సంగటికి ఎండ ఉండదు. సంగటి కెలకాలి. మూతపెట్టిన పెట్టెలో కెలకడం ఎట్లా? ఇక గిన్నె ఆకారంలో ఉండే అద్దాల పొయ్యిని సూర్యుడి వైపు పదిహేను, ఇరవై నిమిషాలకోసారి తిప్పుతుండాలి. నడినెత్తిన ఎండలో నిలబడి తిప్పేదెవరు? అయినా ఉమ్మడి చిత్తూరు జిల్లా బైసానివారిపల్లెలో 2000ల మొదట్లో ఉన్న 36 ఇళ్లకీ అట్లాంటి పొయ్యిలు పెట్టారు. పొగ లేని ఊరని పేరొచ్చింది. కట్టెల మోత, పొగ తగ్గడం ఆ ఆడవాళ్లకి ఎంత మేలో కట్టెలు మోసినవాళ్లకి తెలుస్తుంది. కానీ సూర్యుడి వేళకి తమ రోజుని మార్చుకోవలసింది కూడా వాళ్లే.

కరెంటు పలకలతో ఆ తిప్పలు తక్కువ. కానీ వేళ ప్రశ్న పోలేదు. పలకలు పగలే ఇస్తాయి. కాబట్టి మోటారు, గ్రైండరు, ఇస్త్రీ పగలు చేసుకుంటే మంచిది. ఉద్యోగానికి వెళ్లే స్త్రీకి అది ఎట్లా కుదురుతుంది? కూలికి వెళ్లే స్త్రీకి? ఇంకొక సంగతి చాలామందికి బిగించిన తర్వాత గానీ తెలియదు. బ్యాటరీ లేకుండా లైనుకి కలిపిన పలకలు, లైనులో కరెంటు పోగానే ఆగిపోతాయి. స్తంభమెక్కి పనిచేసే మనిషికి షాకు కొట్టకుండా పెట్టిన రక్షణ అది. అవసరమైనదే, కానీ ముందే చెప్పాలి. మొదటిసారి అట్లా ఆగినప్పుడు అమ్మ పైకి చూసి నవ్వింది. "ఎండ ఉండాది, పలక ఉండాది, కరెంటే లేదు" అంది.

అనంతపురం ఎండకి రెండు వారసులున్నారు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బంజరు నేల మీద మొదలైన టింబక్టు కలెక్టివ్‌లో ఇళ్లు సౌరవిద్యుత్తుతో నడుస్తాయి. ఉన్నంతలో ఎంత చాలో లెక్కవేసుకుని బతకడం అక్కడ కనిపిస్తుంది. కదిరి వైపు నంబులపూలకుంటలో 2016లో 250 మెగావాట్లతో మొదలైన సౌర పార్కు ఇంకొకటి. అది ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. వేల ఎకరాల మెట్ట నేల మీద పలకలు పరిచారు. ఆ కరెంటు దూరం పోతుంది. భూమికి పరిహారం అంటే భూమి కాగితం ఎవరి పేరున ఉంటే వాళ్లకే. ఆ నేలమీద కలుపు తీసిన, మేకలు మేపిన ఆడవాళ్ల పేర్లు ఏ కాగితంలో ఉంటాయి? మళ్లీ అదే ప్రశ్న దగ్గరికి వచ్చాను.

*

మీటరు పేరు మార్చడానికి నాలుగు నెలలు పట్టింది. మరణ ధ్రువపత్రాలు, వారసుల పత్రం, మా అందరి సంతకాలు. ఒక కార్యాలయంలో అమ్మని చూసి "కొడుకుని పంపించమ్మా, నీకెందుకు ఈ ఎండలో" అన్నారు. మంచితనంతోనే అన్నారు. తమ్ముడు కూడా మంచితనంతోనే ఒక మాటన్నాడు: "ఇప్పుడు అమ్మ పేరుకి మార్చి, మళ్లీ కొన్నేళ్లకి మార్చడం ఎందుకు? ఒకేసారి నా పేరుకి రాయించేద్దాం."

నేను వాదించడానికి నోరు తెరిచేలోగా అమ్మ అంది, చాలా మెల్లగా: "నేనింగా ఉండా గదరా."

తమ్ముడు తలొంచుకుని సంతకం పెట్టాడు. తర్వాత వాడే మిద్దె మీదికి ఇనుప చట్రం మోశాడు. నెలకోసారి పలకల మీద దుమ్ము కడిగేది కూడా ఇప్పుడు వాడే. పని పంచుకోవడం అట్లాగైనా మొదలైంది.

డిసెంబరులో అమ్మ పేరుతో మొదటి బిల్లు వచ్చింది. 1990లలో రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "ఇది నా పేరే గదామే?" అని నన్ను అడిగింది. అవునన్నాను. మడిచి ట్రంకుపెట్టెలో పెట్టుకుంది. ఆ రోజు పదకొండు గంటలకి, ఎండ బాగా ఉన్నప్పుడు, గ్రైండరు వేసింది. ఫ్యాను కూడా వేసుకుని కింద కూర్చుంది.

ఈ వ్యాసం చదువుతున్న మిత్రులారా, మీ ఇంటి కరెంటు బిల్లు ఒకసారి తీసి చూడండి. ఎన్ని యూనిట్లో తర్వాత. ముందు పేరు చూడండి.